మా మాటలకు అర్థం ఎవరు చెప్పాలి?

అనకాపల్లికి కూతవేటు దూరంలో శంకరం అనే ఊరుంది. ఊరి పక్కన రెండు కొండలు. ఒకటి బొజ్జన్నకొండ, రెండోది లింగాలకొండ. 1907లో అలెగ్జాండర్ రే అనే పురావస్తు అధికారి అక్కడ తవ్వకాలు జరిపాక కొండరాతిలో తొలిచిన స్తూపాలు, గుహలు, విహారం పునాదులు, బుద్ధ విగ్రహాలు లోకానికి తెలిశాయి. ఆ ఊరి అసలు పేరు సంఘారామం. భిక్షువులు కలిసి బతికే చోటు అని అర్థం. జనం నోట్లో నలిగి నలిగి అది శంకరం అయింది, శివుడి పేరయింది. బుద్ధుడి కొండ బొజ్జన్నకొండ అయింది. స్తూపాల కొండ లింగాలకొండ అయింది. ఏటా కనుమనాడు అక్కడ తీర్థం జరుగుతుంది. తీర్థానికొచ్చిన జనం అక్కడి ఒక శిథిలాన్ని రాక్షసుడుగా భావించి రాళ్ళు విసిరే ఆనవాయితీ ఏళ్ళ తరబడి నడిచింది. వారసత్వ కట్టడాల కోసం పనిచేసేవాళ్ళు నచ్చజెప్పి మాన్పించాల్సి వచ్చింది.

రాళ్ళు విసిరిన జనానికి బుద్ధుడి మీద పగ లేదు. అది ఎవరి చోటో, ఆ పేరుకు అర్థమేమిటో చెప్పే మనిషి ఆ ఊళ్ళో మిగల్లేదు, అంతే. సంఘారామం అన్న మాటను తమ మాటగా పలికే నోరు వందల ఏళ్ళ కిందటే మూగబోయింది. చెప్పేవాడు లేనప్పుడు అర్థం ఊరకే ఉండదు. ఎవరో ఒకరు తమకు తోచిన అర్థం పెడతారు. ఆ అర్థం చేతికి రాయి అందిస్తుంది.

తెలుగునేల మీద ముస్లింల మాటలకు ఇప్పుడు జరుగుతున్నదేమిటో చెప్పడానికి మా ఊళ్ళో ఇంతకంటే దగ్గరి ఉదాహరణ లేదు. మతం, దీన్, జిహాద్, కాఫిర్, షరియత్, లౌకికవాదం, మైనారిటీ - ఈ మాటలతోనే మమ్మల్ని కొలుస్తున్నారు, తూస్తున్నారు, బోనెక్కిస్తున్నారు. వీటికి అర్థం చెప్పే పని మాత్రం మాకెవరూ ఇవ్వలేదు. నిజం చెప్పాలంటే మేమూ గట్టిగా అడగలేదు. మేం ఇంకా ఇక్కడే ఉన్నాం. మా నోళ్ళు ఇంకా మూగబోలేదు. అడగాల్సింది ఇప్పుడే.

ముందుగా ఒక అబద్ధాన్ని తేల్చుకుందాం. మా మాటలు పరాయివట. అరబ్బు ఎడారి నుంచి వచ్చి తెలుగు నేలకు అంటని మాటలట.

అనకాపల్లి బెల్లం మార్కెట్టుకు దేశమంతా పేరుంది. సీజన్లో ఆ యార్డుకు పోయి చెవులు రిక్కించి వినండి. రైతు దిమ్మలు దించుతాడు. హమాలీ మోస్తాడు. దళారి మధ్యన నిలబడతాడు. షావుకారు ఖరీదు చేస్తాడు. గుమస్తా రశీదు రాస్తాడు. డబ్బు తర్వాతెప్పుడో వసూలవుతుంది. ఇందులో రైతు, హమాలీ, దళారి, వసూలు అరబ్బీ నుంచి వచ్చాయి. ఖరీదు, గుమస్తా, రశీదు పారసీ నుంచి వచ్చాయి. తెలుగువాడు తన నేలకు, తన చెమటకు ప్రతీకగా చెప్పుకునే 'రైతు' అన్న మాటే అరబ్బీ 'రయ్యత్'. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి కొత్త జిల్లా అయినప్పుడు ఊరంతా స్వీట్లు పంచుకున్నాం. జిల్లా అన్న మాట కూడా అరబ్బీదే. ఈ మాటల్ని ఎవరూ పౌరసత్వం కాగితాలు అడగలేదు. మార్కెట్లో, కచేరీలో మా మాట పనికొస్తుంది. కాటాలో బెల్లం తూచడానికి పనికొస్తుంది. దేవుడి గురించి, న్యాయం గురించి, మనిషి గురించి మేం మాట్లాడబోయేసరికి మాత్రం అదే భాష విదేశీదైపోతుంది.

ఇంకా వినండి. ముస్లిం అనగానే గుర్తొచ్చే మొదటి మాట నమాజ్. ఇది ఖురాన్‌లో ఉన్న మాట కాదు. ఖురాన్ మాట 'సలాత్'. నమాజ్ పారసీ మాట. సంస్కృతంలోని 'నమస్' దానికి తోబుట్టువు. మీరు గుళ్ళో చేసే నమస్కారమూ, నేను మసీదులో చదివే నమాజూ ఒకే తల్లి వేరు నుంచి చీలిన రెండు కొమ్మలు. ఈ సంగతి నమస్కారం చేసేవాళ్ళకు ఎవరూ చెప్పరు. నమాజు చదివేవాళ్ళకు అంతకన్నా చెప్పరు. పైగా ఈ మధ్య మనలోనే కొందరు బయల్దేరారు. రంజాన్ అనకూడదట, రమదాన్ అనాలట. ఖుదా హాఫిజ్ తప్పట, అల్లా హాఫిజ్ ఒప్పట. వందల ఏళ్ళు మన తాతముత్తాతలు పలికిన మాటల్ని మన నోట్లోంచి పీకి పారేస్తున్నారు. బయటివాళ్ళు మనల్ని పరాయివాళ్ళంటుంటే, లోపలివాళ్ళు ఆ మాటను నిజం చేసే పనిలో ఉన్నారు.

ఇప్పుడు 'మతం' దగ్గరకు వద్దాం. సంస్కృతంలో మతం అంటే ఆలోచన, అభిప్రాయం. అభిమతం, సమ్మతం, ఐకమత్యం అన్న మాటల్లో ఆ అర్థం ఇంకా బతికే ఉంది. ఐకమత్యం అంటే అందరూ ఒకే మతంలో చేరడం కాదు కదా, ఒక మాట మీద నిలబడడం. అరబ్బీలో 'మజహబ్' అంటే నడిచే దారి. హనఫీ, షాఫయీ, మాలికీ, హంబలీ అన్న నాలుగు ధర్మశాస్త్ర సంప్రదాయాల్ని మజహబ్‌లంటారు. 'దీన్' అంటే బతికే తీరు. దానికి తీర్పు అన్న అర్థమూ ఉంది. అప్పు అనే అర్థమిచ్చే 'దైన్' కూడా ఆ ధాతువులోంచే వచ్చింది. మనిషి మనిషికి, మనిషి దేవుడికి పడిన బాకీ తీర్చడమే దీన్ అని మన పెద్దలు చెప్పుకున్నారు. ఆలోచన, దారి, బాకీ - మూడూ మనిషి చేసే పనులే. వీటిలో ఏదీ గడి కాదు, పెట్టె కాదు, ఓటుబ్యాంకు కాదు.

పెట్టెలు చేసింది తెల్లదొర. 1871-72లో మొదలైన జనగణన మనుషుల్ని మతాల వారీగా కాలమ్‌లలో కూర్చోబెట్టింది. మొహర్రంలో పీర్లను ఎత్తే హిందువు ఏ కాలమ్? దర్గాలో మొక్కు తీర్చుకునే గవర, కొప్పుల వెలమ ఆడపడుచు ఏ కాలమ్? దూదేకుల ఇంట పుట్టి పోతులూరి వీరబ్రహ్మం శిష్యుడైన సిద్దయ్య ఏ కాలమ్? వాళ్ళంతా ఏదో ఒక గడిలో ఇరుక్కోవలసి వచ్చింది. ఆ గడులనే తర్వాత రాజకీయాలు కోటలుగా కట్టుకున్నాయి. 'హిందూ' అన్న మాట కూడా సింధు నదికి ఇవతలి జనాన్ని పారసీకులు పిలిచిన పిలుపే. మా దుబాసీ భాష ఇచ్చిన పేరును మెడలో వేసుకుని, ఆ పేరుతోనే మమ్మల్ని బయటికి పొమ్మంటున్నారు.

ఇక మమ్మల్ని పిలిచే పిలుపులు చూడండి. ఊళ్ళో మేం 'తురకోళ్ళం'. మా ఇంటి భాష 'తురకం'. టర్కీ ఎక్కడుందో మా తాతకు తెలియదు. దూది ఏకినవాడు, గాజులమ్మినవాడు, మాంసం కొట్టినవాడు, రోలు రాతికి కక్కు కొట్టినవాడు అందరూ తురుష్కులైపోయారు. పత్రికల్లోకి వచ్చేసరికి పిలుపు మర్యాద వేసుకుంటుంది: 'ముస్లిం సోదరులు'. రంజాన్ పండుగ మర్నాడు ఏ తెలుగు పేపరైనా తీయండి. ముస్లిం సోదరులు భక్తిశ్రద్ధలతో ప్రార్థనలు జరిపారని ఉంటుంది. దసరా మర్నాడు హిందూ సోదరులు అమ్మవారిని దర్శించుకున్నారని ఎప్పుడైనా చదివారా? భక్తులు దర్శించుకున్నారని రాస్తారు. వాళ్ళు భక్తులు, మేం సోదరులం. ఇంటి మనిషిని అన్నా అని పిలిచేవాడు ప్రతిసారీ నువ్వు నాకు సోదరుడివి సుమా అని గుర్తుచేయడు. పోనీ సోదరులమే అనుకుందాం, మా అక్కచెల్లెళ్ళేరి? సేమియా వండినవాళ్ళు, ఇంట్లో నమాజు చదివినవాళ్ళు, ముప్ఫై రోజులు పస్తులుండి అందరికీ సహరీ అందించినవాళ్ళు ఆ వార్తలో ఎక్కడా లేరు. నేను పనిచేసిన ఒక పత్రికలో 'ఈద్‌గాలో నమాజు' అని రాసి పంపితే 'ముస్లిం సోదరుల ప్రత్యేక ప్రార్థనలు' అని అచ్చయింది. అడిగితే పాఠకుడికి అర్థం కావాలి కదా అన్నారు. వెయ్యేళ్ళుగా పక్కింట్లో ఉన్నవాడి నమాజు అర్థం కాని పాఠకుడు ఎవరో నాకింకా కనబడలేదు.

ఇవి చిన్న విషయాలంటారా? అయితే పెద్ద విషయమే చెబుతాను. అయోధ్యలో ఉన్నది మసీదు. దాన్ని కూల్చకముందే పత్రికల్లో అది 'వివాదాస్పద కట్టడం' అయింది. మసీదును కూల్చాలంటే చేతులు వణుకుతాయి. కట్టడాన్ని కూల్చడానికి వణకవు. 1992 డిసెంబర్ 6న గునపాలు వచ్చేసరికి పేరు ఎప్పుడో కూలిపోయి ఉంది. 2019 నవంబర్ 9న సుప్రీంకోర్టు ఆ కూల్చివేత చట్ట ఉల్లంఘనే అని చెప్పింది, స్థలాన్ని మాత్రం గుడికి ఇచ్చింది. 2020 సెప్టెంబర్ 30న ప్రత్యేక కోర్టు ముద్దాయిలు 32 మందినీ నిర్దోషులంది.

2007 మే 18న హైదరాబాద్ మక్కా మసీదులో బాంబు పేలింది. నమాజుకొచ్చినవాళ్ళు చచ్చిపోయారు. తర్వాత పోలీసుల కాల్పుల్లోనూ చచ్చిపోయారు. ఆ తర్వాత పట్టుకుపోయింది ముస్లిం కుర్రాళ్ళనే. 'ఉగ్రవాదులు దొరికారు' అని పెద్దక్షరాల్లో అచ్చయింది. కోర్టులు వాళ్ళను నిర్దోషులన్నాయి. ప్రభుత్వం పరిహారం కూడా ఇచ్చింది. ఆ పరిహారం చెల్లదని 2013లో హైకోర్టు కొట్టేసింది. అచ్చయిన పెద్దక్షరాల్ని మాత్రం ఏ కోర్టూ కొట్టేయలేదు. ఉగ్రవాది అన్న మాట ఒక కుర్రాడి ఇంటి తలుపు మీద పడితే, తర్వాత ఎన్ని తీర్పులొచ్చినా ఆ ఇంటికి సంబంధం రాదు, అద్దెకు ఇల్లు దొరకదు, ఉద్యోగం రాదు.

ఇంకో మాట ఉంది: 'జనజీవన స్రవంతి'. లొంగిపోయిన నక్సలైట్లు జనజీవన స్రవంతిలో కలుస్తారు. ముస్లింలు కూడా కలవాలట. సైకిల్ పంక్చర్ వేసేవాడు, బస్టాండులో పళ్ళమ్మేవాడు, బట్టలు కుట్టేవాడు జనజీవనంలో లేకుండా ఎక్కడున్నాడు? ఆ స్రవంతి ఎవరి గుమ్మం ముందు నుంచి పారుతోందో ముందు చెప్పండి.

ఇన్ని మాటల్లోనూ నెత్తుటి మడుగులో ముంచిన మాట 'జిహాద్'. దాని ధాతువు జహద్. పాటుపడడం, శ్రమించడం అని అర్థం. ఉర్దూలో 'జద్దోజెహద్' అంటే పోరాటం. స్వాతంత్ర్య పోరాటాన్ని ఉర్దూ పత్రికలు 'జద్దోజెహద్-ఎ-ఆజాదీ' అనే రాశాయి. స్వాతంత్ర్య సమరయోధుడు 'ముజాహిద్-ఎ-ఆజాదీ'. మా జిల్లాలోనే, గొలుగొండ మండలం కృష్ణదేవిపేటలో అల్లూరి సీతారామరాజు సమాధి ఉంది. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకుపోయిన మన్యం వీరుడు. ఆయన గురించి ఉర్దూలో రాయాల్సి వస్తే నేను రాసే మాట ముజాహిద్-ఎ-ఆజాదీ. అంతకంటే గౌరవమైన మాట ఆ భాషలో లేదు. అదే మాటను ఇవాళ తెలుగు టీవీలో అంటే పోలీసులు వస్తారు.

ఇందులో మావాళ్ళ పాపం లేదని నేననను. అమాయకుల్ని చంపి ఆ పనికి జిహాద్ అని పేరు పెట్టిన ముఠాలున్నాయి. వాళ్ళు ఆ మాటకు చేసిన ద్రోహం ఎవరూ చేయలేదు. కానీ ఆ ముఠాల అర్థాన్నే అసలైన అర్థమని మన పత్రికలు, పార్టీలు ఎందుకు ఒప్పుకున్నాయి? ఒప్పుకుని దానికి తోకలు తగిలించాయి. లవ్ జిహాద్, ల్యాండ్ జిహాద్. 2020లో కరోనా వచ్చినప్పుడు రోగానికి కూడా గడ్డం పెట్టి కరోనా జిహాద్ అన్నారు. అదే ఏడాది ఫిబ్రవరిలో కేంద్ర హోంశాఖ సహాయమంత్రి, మన తెలుగువాడే అయిన కిషన్‌రెడ్డి లోక్‌సభకు రాతపూర్వకంగా ఇచ్చిన జవాబులో లవ్ జిహాద్ అన్న మాటకు చట్టంలో నిర్వచనం లేదని, కేంద్ర సంస్థల దగ్గర అలాంటి కేసు ఏదీ నమోదు కాలేదని చెప్పారు. చట్టంలో లేని మాట, కేసు లేని నేరం. దాన్ని పట్టుకుని ప్రేమించుకున్న పిల్లల్ని వేటాడుతున్నారు.

లౌకికవాద మిత్రులతో ఇప్పుడు కొంచెం గట్టిగానే మాట్లాడాలి. దెబ్బ తగిలినప్పుడు మా పక్కన నిలబడింది మీరే. ఆ రుణం మేం మరిచిపోం. అయితే మీరు వాడే మాటల్ని కూడా విప్పి చూడాలి.

సెక్యులరిజం అన్న మాటను 1851లో ఇంగ్లండులో హోలియోక్ పుట్టించాడు. రాజ్యాంగ సభలో కె.టి. షా ఆ మాట చేర్చాలని 1948లో అడిగితే ఒప్పుకోలేదు. 1976లో 42వ సవరణతో అది పీఠికలోకి వచ్చింది. హిందీలో 'పంథ్ నిరపేక్ష' అన్నారు, అంటే శాఖలతో పనిలేనిది. ధర్మంతో పనిలేనిదని అనలేదు, ఆ తేడా చూడండి. తెలుగులో 'లౌకిక' అన్నారు. ఉర్దూలో కొందరు మౌల్వీలు 'లా-దీనియత్' అన్నారు, అంటే దీన్ లేకపోవడం. ఆ ఒక్క అనువాదం ముస్లింలకు చేసిన చెరుపు ఇంతా అంతా కాదు. తమ ప్రాణాలకు గొడుగు పట్టే సూత్రాన్ని నాస్తికమని చాలామంది అనుమానంతో చూశారు. తెలుగులో జరిగిన చెరుపు వేరు. లౌకికం పక్కనే లౌక్యం ఉంది. మన పార్టీల లౌకికవాదంలో లౌక్యమే ఎక్కువ. ఇఫ్తార్ విందుకు టోపీ పెట్టుకుని రావడం లౌకికవాదమైంది. సచార్ కమిటీ 2006లో బయటపెట్టిన చదువుల వెనకబాటు, ఉద్యోగాల్లో లేమి, బ్యాంకు అప్పులు దొరకని బతుకు మాత్రం ఏ విందు బల్ల మీదికీ రాలేదు. పీఠికలోంచి ఆ మాట తీసేయమన్న పిటిషన్లను సుప్రీంకోర్టు 2024 నవంబర్ 25న కొట్టేసింది. మాట మిగిలింది. దానికి తగ్గ పని ఎప్పుడు మొదలవుతుందన్నదే మా ప్రశ్న.

'పరమత సహనం' అంటారు. సహించేది దేన్ని? నొప్పిని సహిస్తాం, దుర్వాసనను సహిస్తాం, అల్లరి పిల్లాణ్ణి సహిస్తాం. మీరు మమ్మల్ని సహిస్తున్నామని సభ పెట్టి చప్పట్లు కొట్టించుకుంటున్నారు. మేం అడిగేది సహనం కాదు, సమానత. రాజ్యాంగం 14వ అధికరణంలో ఉన్న మాట అదే.

'అల్పసంఖ్యాకులు' అంటారు. సంఖ్యలో తక్కువ అని అర్థమట. తెలుగులో అల్పం అంటే ఏమిటో, అల్పుడంటే ఎవడో వేమన చదివిన ప్రతి పిల్లాడికీ తెలుసు. లెక్క చెప్పాల్సినచోట విలువ కట్టారు. రాజ్యాంగం 29, 30 అధికరణాలు మైనారిటీల హక్కుల్ని చెప్పాయి గానీ మైనారిటీ అంటే ఎవరో నిర్వచించలేదు. 1992 చట్టం కింద 1993లో ప్రభుత్వం ఒక జాబితా ప్రకటించింది. హక్కుగా రావాల్సింది జాబితాగా వచ్చింది. జాబితా అన్నాక ఇచ్చేవాడు, పుచ్చుకునేవాడు తయారవుతారు.

ఇంతవరకూ బయటి వాళ్ళతో మాట్లాడాను. ఇక ఇంట్లో మాట. ముసల్మాన్ అక్కలారా, అన్నలారా, మన మాటల్ని మనమేం చేశాం?

'కాఫిర్' తీసుకోండి. ధాతువు అర్థం కప్పిపెట్టేవాడు. ఖురాన్ 57వ సూరా 20వ ఆయత్‌లో ఆ మాట బహువచనం రైతులకు వాడారని వ్యాఖ్యాతలే చెప్పారు. విత్తనాన్ని మట్టిలో కప్పిపెడతాడు కనుక. తెలిసిన సత్యాన్ని కప్పిపుచ్చేవాడు కాఫిర్. మరి మనం ఆ మాటను పక్కింటి అప్పారావు మీద విసిరాం. అది చాలక మనలో మనమే విసురుకున్నాం. చదువుకోండి అన్నందుకు సర్ సయ్యద్ అహ్మద్‌ఖాన్ మీద కుఫ్ర్ ఫత్వాలిచ్చాం. ఈ ఫిర్ఖావాళ్ళు ఆ ఫిర్ఖావాళ్ళను, వాళ్ళు వీళ్ళను కాఫిర్లంటారు. ఆ లెక్కన చూస్తే ఈ దేశంలో ముస్లిం ఒక్కడూ మిగలడు.

'ముసావాత్' అంటే సమానత్వం. మసీదులో ఒకే సఫ్‌లో నిలబడతాం, నిజమే. నమాజు అయ్యాక చెప్పులేసుకోగానే ముసావాత్ మెట్ల మీదే ఉండిపోతుంది. పెళ్ళి మాట రాగానే 'హడ్డీ' చూస్తారు. 'కుఫూ' అన్న ఫిఖ్ మాటను అడ్డం పెట్టుకుని సాటి రాని సంబంధమంటారు. దూదేకుల పిల్లకు సయ్యద్ ఇంట్లో ఏ స్థానముందో నన్ను చెప్పమంటారా? 14వ శతాబ్దంలో జియాఉద్దీన్ బరనీ 'ఫతావా-ఎ-జహాందారీ'లో తక్కువ పుట్టుక వాళ్ళకు చదువు చెప్పొద్దని పాలకులకు సలహా ఇచ్చాడు. మనువు మా ఇంట్లో లేడని గొప్పలు చెప్పుకునేవాళ్ళు బరనీని చదవాలి. 1901 బెంగాల్ జనగణన రాసిన అష్రఫ్, అజ్లఫ్, అర్జల్ అంతరాల్ని అంబేద్కర్ పాకిస్తాన్ మీద రాసిన పుస్తకంలో ఎత్తిచూపాడు. ఆయన శత్రువై చెప్పలేదు, ఆ నొప్పి తెలిసినవాడై చెప్పాడు.

2007 చట్టం ఆంధ్రప్రదేశ్‌లో ముస్లింలలోని 14 వెనకబడిన సమూహాలకు బి.సి.-ఇ పేరుతో 4 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. ఆ జాబితా ఒక్కసారి పైకి చదవండి. అచ్చుకట్లవాళ్ళు, అత్తరు సాయిబులు, ధోబీ ముస్లింలు, ఫకీర్లు, గారడీ సాయిబులు, గుడ్డి ఎలుగువాళ్ళు, హజాములు, ఖురేషీలు, సిద్దీలు, కక్కుకొట్టే జింకసాయిబులు. ఎలుగుబంటిని ఆడించి బతికిన మనిషి, రోళ్ళకు గాట్లు పెట్టి బతికిన మనిషి - ఆ జాబితా రాకముందు మన ఖుత్బాల్లో వీళ్ళ పేరు ఒక్కసారైనా వినబడిందా? 2010 ఫిబ్రవరిలో హైకోర్టు ఆ చట్టం చెల్లదంది. మార్చి 25న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో దాన్ని నిలబెట్టింది. మతం ప్రాతిపదికన రిజర్వేషనా అని అరిచేవాళ్ళకు మన జవాబు ఆ పద్నాలుగు పేర్లే. ఆ జవాబు చెప్పాలంటే మనలో కులం ఉందని ముందు మన నోటితో ఒప్పుకోవాలి. ఉమ్మత్ ఒక్కటే అని దుప్పటి కప్పితే ఆ పిల్లల సీట్లు కూడా దుప్పటి కిందే పోతాయి.

'షరియత్' అన్న మాట సంగతి ఇంకా దారుణం. షరియత్ అంటే నీటి దగ్గరకు పోయే దారి. 'ఫిఖ్' అంటే మనుషుల అవగాహన. దారి దేవుడిది, అవగాహన మనుషులది. మనుషుల అవగాహన మారుతుంది, మారాలి. అందుకే నాలుగు మజహబ్‌లు వచ్చాయి. మన దేశంలో షరియత్ పేరుతో నడుస్తున్నది 1937లో బ్రిటిష్ వాళ్ళ హయాంలో వచ్చిన చట్టం. ఆ చట్టం 2వ సెక్షన్ వ్యవసాయ భూమిని మినహాయించింది. ఆడపిల్లకు ఖురాన్ రాసిచ్చిన వాటా పొలం గట్టు దగ్గర ఆగిపోయింది. షరియత్ ప్రమాదంలో పడిందని అప్పుడు ఎవరూ ఊరేగింపు తీయలేదు. మద్రాసు రాష్ట్రం 1949లో సవరణ చేసి ఆ మినహాయింపు తీసేసింది. మా విశాఖ జిల్లా అప్పుడు ఆ రాష్ట్రంలోనే ఉంది. చట్టం మారింది గానీ ఎంతమంది అన్నదమ్ములు అక్కచెల్లెళ్ళ వాటా కొలిచి ఇచ్చారో గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి. షాబానో అడిగిన నెలకు కాసిని రూపాయల భరణాన్ని 1985లో సుప్రీంకోర్టు ఇవ్వమంటే మాత్రం దేశం దద్దరిల్లింది. 1986లో చట్టమే మార్పించాం. 2017లో సుప్రీంకోర్టు ఒక్క గుక్కలో చెప్పే తలాఖ్ చెల్లదంది. ఆ పని మన ఉలేమాలు ముందే చేసి ఉంటే, 2019లో ఆ తలాఖ్‌ను జైలు నేరం చేసి మన ఆడవాళ్ళ ఉద్ధారకులమని చెప్పుకునే అవకాశం వేరేవాళ్ళకు దొరికేది కాదు. మన ఆడవాళ్ళ కన్నీళ్ళకు అర్థం మనం చెప్పలేదు కనుక, వాళ్ళు చెప్పారు.

చివరగా భాష. ఉర్దూ నా తల్లిభాష. దాని మీద నాకు ప్రాణం. 2022లో ఆంధ్రప్రదేశ్ దాన్ని రెండో అధికారభాష చేసినందుకు సంతోషించాను. అయితే ఉర్దూ ఒక్కటే ముసల్మాన్ భాష అన్న అహంకారాన్ని మాత్రం నేను ఒప్పుకోను. ఉత్తరాంధ్రలో మనం చాలా కొద్దిమందిమి. మన పిల్లల్లో ఎక్కువమంది చదివేది, కలలు కనేది తెలుగులో. వాళ్ళకు శుక్రవారం బయాన్ ఉర్దూలో వినిపించి, అర్థం కాలేదంటే అర ముస్లిం అని ఈసడిస్తే వాళ్ళు తమ దీన్ గురించి ఎక్కడ తెలుసుకుంటారు? వాట్సాప్‌లో తెలుసుకుంటారు, టీవీ చర్చల అరుపుల్లో తెలుసుకుంటారు. ఖురాన్‌ను స్వాతంత్ర్యానికి ముందే తెలుగులోకి తెచ్చింది ఉత్తరాంధ్ర మనిషి, ముస్లిం కాని పండితుడు చిలుకూరి నారాయణరావు. ఆ పని మనకంటే ముందు ఆయన చేశాడు. పిఠాపురంలో ఉమర్ ఆలీషా (1885-1945) ఖయ్యామ్‌ను పారసీ నుంచి నేరుగా తెలుగు చేశాడు. సూఫీ తత్త్వాన్నీ వేదాంతాన్నీ ఒకే పీఠం మీద నుంచి తెలుగులో చెప్పాడు. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చింది. 1998లో 'జల్‌జలా', 2004లో 'వతన్' వచ్చాయి. తెలుగు మాకు పరాయి కాదని, మా అనుభవం తెలుగుకు పరాయి కాదని ఆ పుస్తకాలు తేల్చేశాయి. కవిత్వంలో, కథలో గెలుచుకున్న ఆ చోటును ఆలోచనలో, తత్త్వంలో, చట్టం మీద చర్చలో కూడా గెలుచుకోవాలి.

అందుకే అడుగుతున్నాను. పత్రికల వాళ్ళు మమ్మల్ని సోదరులనడం మానేసి పౌరులనండి. కోర్టు తేల్చకముందే ఉగ్రవాది అని రాయకండి. నమాజును నమాజనే రాయండి, తెలుగు పాఠకుడు అంత అమాయకుడు కాడు. నిఘంటువులు చేసే పండితులు జిహాద్‌కు ఒక్క 'మతయుద్ధం' అన్న అర్థంతో సరిపెట్టకుండా ఆ మాట పుట్టుకనూ, ఉర్దూలో దాని బతుకునూ కూడా రాయండి. లౌకికవాద మిత్రులు మా తరఫున మాట్లాడడం కొంచెం తగ్గించి, మేం మాట్లాడేటప్పుడు మైకు మా చేతికివ్వండి. మేం మా ఇంట్లో మౌల్వీతో పోట్లాడుతుంటే, మతం జోలికి పోకూడదని మౌల్వీ పక్కన నిలబడకండి.

మన మసీదు కమిటీలు వారానికొక్క బయాన్ అయినా తెలుగులో పెట్టాలి. ఆడవాళ్ళు కూర్చుని వినేలా, లేచి ప్రశ్న అడిగేలా పెట్టాలి. ఫకీరు కొడుకు, హజాము కూతురు ఆ కమిటీలో ఉండాలి. ఉర్దూ, తెలుగు రెండూ వచ్చిన మనలాంటివాళ్ళు రెండు భాషల మధ్య గోడకూర్చుని రెండువైపులా పెత్తనం చేయడం మానేసి, దీన్, ఫిఖ్, ముసావాత్, ఇన్సాఫ్ అన్న మాటలకు తెలుగులో అర్థాలు రాయాలి. తప్పులొస్తే దిద్దుకోవచ్చు. రాయకపోతే దిద్దడానికి కూడా ఏమీ మిగలదు.

మా గురించి మీరు రాసిన నిఘంటువు మాకొద్దు. మా పేరు చెప్పి మౌల్వీలు రాసిందీ మాకొద్దు. కలం తెచ్చుకున్నాం. కలం కూడా అరబ్బీ మాటే, కాగితం పారసీ మాటే. రాసేది మాత్రం తెలుగులో.